మనవల పేరున డబ్బు, సంతకం ఎవరిది?

(తెనాలిలో పెన్షనర్ల నెలవారీ సమావేశంలో ఒక విశ్రాంత పోస్ట్‌మాస్టర్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. బాబూ, ఆ మైకు కాస్త కిందికి దించు. ఆఁ, చాలు.

సెక్రటరీగారు ఫోన్ చేసి, "మనవలకీ మేనల్లుళ్ళకీ డబ్బు దాచాలంటే ఏ స్కీము మంచిదో ఓ అరగంట చెప్పండి" అన్నారు. స్కీముల పట్టిక కావాలంటే ఏ పోస్టాఫీసు గోడ మీదైనా అంటించి ఉంటుంది, వడ్డీ రేట్లతో సహా. దానికి నేను అక్కర్లేదు. నేను కౌంటర్లో కూర్చున్నన్నాళ్ళూ వడ్డీ తక్కువైందని గొడవకొచ్చినవాళ్ళు బహు తక్కువ. వచ్చే గొడవలు వేరు. తాతగారు కట్టారు, ఇప్పుడు ఎవరు తియ్యాలి? పుస్తకంలో అమ్మమ్మ పేరుంది, ఆవిడ పోయింది, ఏం చెయ్యాలి? పిల్లాడికి పద్దెనిమిది నిండాయి, వాళ్ళ నాన్న సంతకం చెల్లదంటున్నారేమిటి? అన్నీ ఇలాంటివే. అందుకని వడ్డీ సంగతి తర్వాత చూద్దాం. ముందు సంతకం సంగతి.

మన ఇళ్ళలో పిల్లల డబ్బు బారసాల నాడే పుడుతుంది. ఉయ్యాల్లో పెట్టిన నోట్లు, అన్నప్రాశనకి వచ్చిన కవర్లు, భోగిపళ్ళలో కలిపిన చిల్లర, ఓణీల ఫంక్షన్లో చదివింపులు. చదివింపుల పుస్తకంలో పేరూ ఊరూ పైసలతో సహా రాసిపెడతాం. ఎందుకూ? రేపు వాళ్ళింట్లో ఫంక్షనైతే తిరిగి చదివించాలిగా! [నవ్వులు] ఆ పుస్తకం పాతికేళ్ళైనా బీరువాలో భద్రంగా ఉంటుంది. డబ్బు మాత్రం ఆ రాత్రే క్యాటరింగ్ ఆయనకీ టెంటు ఆయనకీ పోతుంది. తప్పని నేననను, ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. కాకపోతే అది పిల్లదాని డబ్బు అనుకోవడం మానేయాలి. అది మీ ఫంక్షను డబ్బు. పిల్లదానికి నిజంగా పెట్టాలనుకున్న మేనమామ, మేనత్త, పెద్దనాన్న ఎవరైనా సరే, కవరు పళ్ళెంలో వెయ్యకుండా పిల్ల అకౌంటు నంబరు అడగండి. మర్యాద తక్కువ అనుకుంటారేమో అంటారా? ఓ నూటపదహార్లు కవర్లో పెట్టండి, మిగతాది అకౌంటులో వెయ్యండి.

ఇక ఆడపిల్లలంటే అందరికీ ముందు గుర్తొచ్చేది సుకన్య. సుకన్య సమృద్ధి అనే ఈ కేంద్ర ప్రభుత్వ పొదుపు పథకం 2015 జనవరిలో మొదలైంది. పదేళ్ళలోపు ఆడపిల్ల పేరున తెరవాలి. ఏడాదికి కనీసం 250 రూపాయలు, ఎక్కువలో ఎక్కువ లక్షన్నర. కట్టేది 15 ఏళ్ళు, గడువు తీరేది తెరిచిన 21 ఏళ్ళకి. 2024 జనవరి నుంచి 8.2 శాతం వడ్డీ నడుస్తోంది. మూడు నెలలకోసారి ప్రభుత్వం రేటు ప్రకటిస్తుంది, మార్చవచ్చు, మార్చకపోవచ్చు. వచ్చే వడ్డీ మీద పన్ను లేదు. ఇవన్నీ మీకు తెలిసినవే. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ ఖాతాకి గార్డియన్‌గా తాతయ్యలూ అమ్మమ్మలూ ఉండటానికి లేదు, కోర్టు ద్వారా చట్టబద్ధ సంరక్షకులైతే తప్ప. తల్లో తండ్రో ఉండాలి. అయినా మొదట్లో ప్రేమకొద్దీ పెద్దవాళ్ళు వచ్చి తెరిచారు, కౌంటర్లలో తెరిచి ఇచ్చారు కూడా. 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ ఉత్తర్వు ఇచ్చింది, అక్టోబరు 1 నుంచి అమలు. అలా తెరిచిన ఖాతాలన్నీ తల్లిదండ్రుల పేరుకో చట్టబద్ధ సంరక్షకుల పేరుకో మార్చుకోవాలని.

ఆ రోజుల్లో నేను వేరే పని మీద మా పాత ఆఫీసుకి వెళ్ళాను. ఒక పెద్దావిడ కౌంటరు దగ్గర నిలబడి ఉంది. చేతిలో చీరల షాపు కవరు, అందులో ఇంకో కవరు, దాంట్లో పాసుపుస్తకం. పుస్తకం మూలకి పసుపు రాసి ఉంది. ఫ్యామిలీ పెన్షను పడగానే ప్రతి నెలా వెయ్యి రూపాయలు తెచ్చి కట్టేదట, ఎంట్రీలు వరసగా ఉన్నాయి, ఒక్క నెల తప్పలేదు. గుమాస్తా అమ్మాయి గార్డియన్ మార్చాలమ్మా అని మూడోసారి చెబుతోంది. ఈవిడ పుస్తకం వదలట్లేదు. నేను పక్కకి పిలిచి అడిగితే గొంతు తగ్గించి, "అల్లుడి పేరు రాయిస్తే ఉంచుతాడా అన్నయ్యగారూ" అంది.

అదీ సంగతి. ఆవిడ బాధ రూలు గురించి కాదు. మన హాలులో ఈ బాధ ఉన్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో నేను చేతులెత్తమని అడగను. [నవ్వులు]

ఆవిడకి రెండు మాటలు చెప్పాను. ఒకటి, అల్లుడైనా సరే మధ్యలో తియ్యలేడు. పిల్లకి పద్దెనిమిది నిండేదాకా, లేదా పదో తరగతి పాసయ్యేదాకా చదువుకైనా సరే డబ్బు బయటికి రాదు. అప్పుడైనా అంతకుముందు ఏడాది చివర్న ఉన్న నిల్వలో సగం వరకే. ప్రాణం మీదికొచ్చే జబ్బులాంటి కారణాలకి ముందే మూయడానికి వేరే రూలుంది, దానికి కాగితాలు చూపించాలి. రెండోది, అల్లుడి పేరే రాయాలని ఎవరన్నారు? కూతురు లేదా? తల్లి గార్డియన్‌గా ఉండొచ్చు. ఆవిడ మొహం అప్పుడు విచ్చుకుంది. తర్వాత కూతురు హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు ఇద్దరూ వెళ్ళి మార్పించుకున్నారు.

తల్లి సంతకం చెల్లుతుందా అని ఇప్పటికీ కొందరికి అనుమానమే. గీతా హరిహరన్ అనే రచయిత్రి, ఆవిడ భర్త కలిసి మైనరు కొడుకు పేరున రిజర్వు బ్యాంకు బాండ్లకి దరఖాస్తు పెట్టుకున్నారు, గార్డియన్‌గా తల్లి సంతకంతో. తండ్రి సంతకం తెండి, లేకపోతే గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ తెండి అని రిజర్వు బ్యాంకు తిప్పి పంపింది. మొగుడూ పెళ్ళాం ఒప్పుకుని పెట్టుకున్న దరఖాస్తు అది! వాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1999లో తీర్పొచ్చింది. తండ్రి బతికి ఉన్నా సరే, పిల్లల వ్యవహారం ఆయన పట్టించుకోకపోయినా, ఇద్దరూ అనుకుని తల్లికి అప్పగించినా తల్లి సహజ సంరక్షకురాలిగా వ్యవహరించవచ్చని. పిల్లల పేరున దాచుకునే డబ్బు దగ్గర పుట్టిన కేసే ఇంత పెద్ద తీర్పుకి దారితీసింది. మీలో కూతురి మీద నమ్మకం ఉండి అల్లుడి మీద అనుమానం ఉన్నవాళ్ళు... సరే, నేనేం అనలేదు. [నవ్వులు]

సుకన్యకీ మామూలు ఫిక్సెడ్ డిపాజిట్‌కీ తేడా ఇక్కడే ఉంది. మనవరాలి పేరున బ్యాంకులో ఎఫ్‌డీ వేశారనుకోండి. పేరు పిల్లది, నడిపేది వాళ్ళ నాన్న. పిల్ల మేలు కోసమే తీస్తున్నానని ఒక డిక్లరేషన్ రాసిస్తే మధ్యలో విరగ్గొట్టుకోవచ్చు. పిల్ల మేలంటే ఏమిటో బ్యాంకు ఇంటికొచ్చి చూడదు. వ్యాపారంలో కష్టమొచ్చి తీసినా, కారు డౌన్ పేమెంటుకి తీసినా కాగితం మీద రాసేది ఒకటే. కాబట్టి ఆ ఇంట్లో డబ్బు నిలవదనే టెన్షన్ మీకుంటే, తియ్యడానికి వీల్లేని చోట పెట్టించండి. అలాంటి ఇంటికి సుకన్య తాళం వడ్డీ కంటే విలువైంది. వాళ్ళ మీద పూర్తి నమ్మకం ఉన్నవాళ్ళకి ఆ తాళమే అడ్డం కావచ్చు, అదీ నిజమే.

లెక్క ఒకటి చెబుతాను, ఇది విని నిరుత్సాహపడకండి. ఏటా ఏప్రిల్ మొదట్లో 12 వేలు చొప్పున 15 ఏళ్ళు కడితే మొత్తం లక్షా ఎనభై వేలు. రేటు 8.2 దగ్గరే నిలిచిందనుకుంటే 21 ఏళ్ళకి సుమారు 5 లక్షల 70 వేలు వస్తుంది. బాగుంది. కానీ ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే, ఆ రోజు 5 లక్షల 70 వేలకి వచ్చేది ఇవాళ లక్షా డెబ్బై వేలకి వచ్చేదంత. మనవరాలి ఇంజనీరింగు అయిపోతుందని నెలకి వెయ్యి కట్టి నిశ్చింతగా ఉండకండి. ఫీజులో ఓ ఏడాదికి సాయమవుతుంది. అది కూడా తక్కువేం కాదు. కానీ కొడుకుతో, కూతురితో ఈ మాట ముందే చెప్పండి. తాతగారు కడుతున్నారు కదా అని వాళ్ళు కట్టడం మానేసిన ఇళ్ళు నేను చూశాను.

ఒక చిన్న కిటుకు. ఐదో తారీఖు లోపు కట్టండి. ఐదో తేదీ తర్వాత నుంచి నెలాఖరు దాకా ఉన్న నిల్వల్లో తక్కువదాని మీదే ఆ నెల వడ్డీ లెక్కేస్తారు. పీపీఎఫ్‌కీ, అంటే పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్‌కీ ఇంతే. పెన్షను ఒకటో తారీఖున పడుతుంది, నాలుగు రోజులు టైముంది, మళ్ళీ కడదాంలే అని ఇరవయ్యో తారీఖు దాకా లాగొద్దు.

ఇప్పుడు నా అసలు అభిప్రాయం చెబుతాను. మీరు అరవై దాటినవాళ్ళు. మనవడి పేరున డబ్బు వెయ్యాలని ఎందుకంత ఆరాటం? మీ పేరునే ఉంచుకోవచ్చుగా?

ఉదాహరణకి ఐదు లక్షలు ఉన్నాయి. మనవడి పేరున ఏడు శాతానికి ఎఫ్‌డీ వేశారు. ఏడాదికి 35 వేలు వడ్డీ. మైనరు పేరున వచ్చే వడ్డీ ఆదాయం తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువో వాళ్ళ ఆదాయంలో కలుస్తుంది. మీ ఆదాయంలో కాదు. మీ అబ్బాయి సాఫ్ట్‌వేర్, ముప్పై శాతం స్లాబులో ఉన్నాడు. పదివేల ఐదువందలు పన్ను, దాని మీద సెస్సు. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో రిటర్న్ వేస్తే పిల్లాడికి పదిహేను వందల మినహాయింపు ఉంది, అది ఏ మూలకి? అదే డబ్బు మీ పేరున ఉంటే బ్యాంకులు సాధారణంగా సీనియర్లకి అర శాతం ఎక్కువ ఇస్తాయి, ఇంకో 2,500. కొత్త పద్ధతిలో 2025-26 నుంచి 12 లక్షల లోపు మామూలు ఆదాయానికి పన్ను కట్టక్కర్లేదు. మన పెన్షన్లు ఎక్కడ, 12 లక్షలెక్కడ! మనవడి పేరు రాయించుకున్నామన్న సంతోషానికి ఆ ఇంటివాళ్ళు ఏటా పన్ను కడుతున్నారు. మీకు ఆ సంగతి చెప్పరు, మొహమాటం.

సీనియర్ సిటిజన్స్ స్కీములో కూడా ఇప్పుడు 8.2 శాతమే, సుకన్యతో సమానం. 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు. మూడు నెలలకోసారి వడ్డీ మీ ఖాతాలో పడుతుంది. అందులోంచి కొంత తీసి మనవరాలి సుకన్యకి మీ అమ్మాయి చేత కట్టించండి. అసలు మీ చేతిలో ఉంటుంది, వడ్డీ పిల్లకి పోతుంది. రేపు మీకు మోకాలి ఆపరేషను కావాలంటే ఎవరి సంతకమూ అడగక్కర్లేదు. ఇది స్వార్థం అనుకునేవాళ్ళు ఉంటారు. తాతగారి ఆపరేషనుకి డబ్బులేక మనవరాలి డబ్బు తియ్యాలని తిరిగిన కొడుకుని నేను చూశాను. అది ఎవరికీ మంచిది కాదు.

సరే, మీ పేరున ఉంచితే మీ తర్వాత మనవడికి చేరేదెలా? నామినీగా మనవణ్ణి రాయండి. మైనరు కాబట్టి వాడి తరఫున డబ్బు తీసుకునే పెద్దవాళ్ళ పేరు కూడా రాయాలి, అది ఖాళీగా వదలకండి. అయితే నామినీ అంటే వారసుడని కాదు. బ్యాంకు నామినీకి ఇచ్చి చేతులు దులుపుకుంటుంది, మిగతా వారసులు హక్కు అడగొచ్చు. మనవడికే చెందాలంటే వీలునామా రాయాలి. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండి తీరాలి. రిజిస్టరు చేయిస్తే తర్వాత గొడవ తక్కువ, నేను చేయించమనే చెబుతాను. వీలునామా అనగానే అపశకునమన్నట్టు చూడకండి మీరు.

పిల్లల పేరున స్థలం కొనే మోజు మన వైపు చాలా ఉంది. అమరావతి రోడ్డులో కొందాం, మనవడి పేరున రిజిస్టరు చేద్దాం అంటారు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం మైనరు ఆస్తి అమ్మాలంటే సహజ సంరక్షకులైన తల్లిదండ్రులకి కూడా కోర్టు అనుమతి కావాలి. అనుమతి లేకుండా అమ్మితే వాడు మేజరయ్యాక మూడేళ్ళ లోపు ఆ అమ్మకం రద్దు చెయ్యమని దావా వెయ్యొచ్చు. ఇది తెలిసిన ఏ కొనుగోలుదారుడూ ముందుకు రాడు. చదువుకి డబ్బు కావాల్సింది పదిహేడో ఏట. స్థలం అమ్మగలిగేది పద్దెనిమిది నిండాకే, అదీ వాడి ఇష్టమైతే. ఎదురుగా స్థలం పెట్టుకుని బ్యాంకు లోను తీసుకునే పరిస్థితి. కొనాలనుంటే మీ పేరునో మీ అబ్బాయి పేరునో కొనండి.

బంగారం గురించి నేను చెబితే మా ఆవిడ ఒప్పుకోదు, వదిలేద్దాం. [నవ్వులు] ఒక్క మాట, చదువుకి దాచే బంగారం నగలుగా కాకుండా బిళ్ళలుగా దాచండి. నగలైతే మజూరీ పోతుంది, పైగా పిల్ల వేసుకుంటానంటుంది.

పిల్లల పాలసీలు అమ్మేవాళ్ళు మన ఇళ్ళకి తరచుగా వస్తారు, ఎక్కువగా మన బంధువులే. పిల్లాడి ప్రాణానికి ఇన్సూరెన్సు ఎందుకు? వాడి సంపాదన మీద ఎవరూ ఆధారపడలేదు. ఇన్సూరెన్సు కావాల్సింది వాడి తండ్రికి, సంపాదించే తల్లికి. వాళ్ళకి మామూలు టర్మ్ పాలసీ, అంటే వాళ్ళ ప్రాణానికేమైనా అయితే ఇంటికి డబ్బొచ్చే పాలసీ, ఉందా అని అడగండి. లేకపోతే మీరు ఏటా పిల్లాడి పాలసీకి కట్టే ప్రీమియం డబ్బుతో అది తీయించండి. దానికంటే మంచి కానుక లేదు.

[ప్రేక్షకుల్లోంచి: మేనల్లుడికి ఇస్తే మేం పన్ను కట్టాలా?]

ఇచ్చేవాళ్ళకి లేదు, తీసుకునే మేనల్లుడికీ లేదు. తల్లి తోబుట్టువులు, తండ్రి తోబుట్టువులు ఇచ్చిన కానుక ఎంతైనా పన్ను పడదు. తాత, నానమ్మలదీ అంతే. విచిత్రమేమిటంటే, రేపు అదే మేనల్లుడు పెద్దవాడై కృతజ్ఞతతో మేనమామకి లక్ష రూపాయలిస్తే, మేనమామ దాని మీద పన్ను కట్టాలి. చట్టం దృష్టిలో మేనమామకి మేనల్లుడు బంధువు కాదు! ఏడాదిలో ఇలా వచ్చినవి 50 వేలు దాటితే మొత్తం ఆదాయం కిందికే వస్తుంది. మామయ్యలూ, వాడు ఇస్తానంటే కాస్త తగ్గించి తీసుకోండి. పిల్లలకి ఇచ్చేది పెద్ద మొత్తమైతే నగదు వద్దు, బ్యాంకు ద్వారా ఇచ్చి, ఫలానా సంబంధం, ఫలానా కానుక అని ఒక కాగితం రాసుకోండి.

[ప్రశ్న: పద్దెనిమిది దాటాక వాడు తీసి ఖర్చు పెట్టేస్తే?]

పెడతాడు. వాడి డబ్బు. పద్దెనిమిది నిండిన రోజునుంచి గార్డియన్ సంతకం చెల్లదు, బ్యాంకు కొత్త కేవైసీ, కొత్త సంతకం అడుగుతుంది. సుకన్య కూడా అంతే, పద్దెనిమిది దాటితే అమ్మాయే నడుపుకోవాలి. వాడు బైకు కొనుక్కుంటే మీరు ఆపలేరు. ఆపాలని ఉంటే వాడి పేరున వెయ్యకండి, మీ పేరునే ఉంచి ఫీజు కట్టేటప్పుడు తీసివ్వండి. ఇంకో దారి కూడా ఉంది. పదేళ్ళు నిండిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోవచ్చు. పోస్టాఫీసులో ఇది ఎప్పటినుంచో ఉంది. బ్యాంకులకి 2025 ఏప్రిల్లో రిజర్వు బ్యాంకు మళ్ళీ స్పష్టంగా చెప్పింది, ఎంత పరిమితి పెట్టాలో బ్యాంకు ఇష్టం. వాడికి పండగ డబ్బులు అందులో వేయించండి. డబ్బు తీసే వోచరు వాడిచేతే రాయించండి. ఐదొందలు పోగొట్టుకోవడం పదకొండేళ్ళప్పుడు జరిగితేనే చవక.

ఇంకొకటి చెప్పకపోతే ఈ ప్రసంగం దండగ. ఎవరికీ చెప్పకుండా దాచేవాళ్ళు ఉంటారు. పిల్ల పెళ్ళప్పుడు ఒక్కసారిగా ఇచ్చి ఆశ్చర్యపరుద్దామని. మధ్యలో మనకే ఏదైనా అయితే? పదేళ్ళు ఎవరూ ముట్టుకోని, అడగని బ్యాంకు డిపాజిట్లు రిజర్వు బ్యాంకు దగ్గర నిధిలోకి వెళ్ళిపోతాయి. ఆ డబ్బు పోదు, వారసులు అడిగి తీసుకోవచ్చు. కానీ అడగాలంటే ఉందని తెలియాలి కదా. రిజర్వు బ్యాంకు 2023లో ఉద్గమ్ అని ఒక పోర్టల్ పెట్టింది, పేరుతో వెతికితే చాలా బ్యాంకుల్లో పడి ఉన్న డబ్బు కనిపిస్తుంది. ఇంటికెళ్ళి మీ మనవల చేత మీ నాన్నగారి పేరు వెతికించండి. పాసుపుస్తకం మొదటి పేజీ ఫొటో తీసి కూతురికీ కొడుక్కీ వాట్సాప్ చెయ్యండి, ఇద్దరికీ. ఒకళ్ళకే పంపితే అది ఇంకో గొడవ.

[ప్రశ్న: మా మనవరాలు డల్లాస్‌లో పుట్టింది. సుకన్య తెరవొచ్చా?]

లేదండీ. ఇక్కడ నివసించే భారత పౌరురాలైన పిల్లకే. అక్కడ పిల్లల చదువుకి 529 ప్లాన్ అని ఉంటుంది, చదువుకే వాడితే దాని రాబడి మీద అక్కడి పన్ను ఉండదు. అది వాళ్ళ అమ్మానాన్నా చూసుకుంటారు. మీరు ఇక్కడి డబ్బు అక్కడికి పంపే తొందరలో ఉండకండి. మీ పేరున సీనియర్ స్కీములో పెట్టి, వీలునామాలో పిల్ల పేరు రాయండి. వాళ్ళు సెలవులకి వచ్చినప్పుడు చేతిలో ఏదో పెట్టండి. డాలర్లలో లెక్కేసుకుని చిన్నబుచ్చుకోకండి.

[ప్రశ్న: మగపిల్లలకి సుకన్యలాంటిది లేదా?]

ఆ పేరుతో లేదు. తల్లిదండ్రులు పీపీఎఫ్ తెరవొచ్చు, 7.1 శాతం, పదిహేనేళ్ళు. తాత తెరవడానికి లేదు, ఇక్కడా అదే రూలు. ఇంకో పేచీ ఉంది, తండ్రి సొంత పీపీఎఫ్, కొడుకు పేరున నడిపే పీపీఎఫ్ కలిపి ఏడాదికి లక్షన్నరే పరిమితి. అది దాటి కట్టిన డబ్బుకి వడ్డీ రాదు, కాబట్టి మీరిచ్చే ముందు మీ అబ్బాయి ఈ ఏడు ఎంత కట్టాడో అడగండి.

సుకన్యలో ఇంకా తాతల పేరునే ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, మార్పు ఫారాలు అక్కడ టీ టేబులు పక్కన పెట్టించాను. పాసుపుస్తకం, పిల్ల పుట్టిన సర్టిఫికెట్, కొత్త గార్డియన్ ఆధార్, పాన్ కాపీలు కావాలి. పాత గార్డియన్, కొత్త గార్డియన్ ఇద్దరూ సంతకం పెట్టాలి. అంటే మీ అమ్మాయినో కోడల్నో పండక్కి వచ్చినప్పుడు వెంటబెట్టుకుని వెళ్ళండి. సోమవారం పొద్దున మాత్రం వెళ్ళకండి, ఆ రోజు రద్దీ ఎక్కువ.